కుట్టు దారానికి మందు పూసినంతనే చీము ఆగునా?

ఇబ్రహీంపట్నం: ఆపరేషన్ అయిన నాలుగైదు రోజులకు కుట్ల వద్ద ఎర్రబడి, నీరు కారి, చీము పట్టడం పల్లె జనానికి కొత్త సంగతి కాదు. పేషెంటు మళ్లీ బస్సెక్కి పట్నం పోవడం, డ్రెస్సింగుల కోసం పక్షం రోజులు తిరగడం, తోడు వచ్చిన మనిషికి కూలి పోవడం మామూలే. ఈ బాధ తప్పిస్తుందంటూ క్రిములను చంపే మందు పూసిన కుట్టు దారం కొన్నేళ్లుగా అమ్మకంలో వున్నది. మామూలు దారం కన్నా దీని ధర ఎక్కువ. ఆ ఎక్కువ సొమ్ముకు తగిన ఫలం వున్నదా అన్నది వైద్యులలోనే తేలని తగవుగా మారింది.

ముల్లు వంటిదే దారం

కాలిలో ముల్లు విరిగి వుండిపోతే ఆ చోటు చీము పట్టక మానదని ప్రతి రైతుకూ తెలుసు. కుట్టు దారం కూడా శరీరానికి పరాయి వస్తువే. పేనిన పోగుల సందున, ముడుల చాటున దాగిన క్రిములను రక్తంలోని రక్షక కణాలు గాని, ఇచ్చిన మందులు గాని అంత తేలికగా చేరలేవు. దారం వున్న చోట బహు కొద్ది క్రిములకే చీము పడుతుందని 1957లో బ్రిటన్‌లో ఇద్దరు పరిశోధకులు మనుషుల చర్మం మీదనే ప్రయోగించి చూపారు.

అందుచేత దారానికే మందు పూస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచన పుట్టింది. ఆ మందు పేరు ట్రైక్లోసాన్. ఈ దారానికి అమెరికాలో 2002లో అనుమతి లభించింది. ఇదే ట్రైక్లోసాన్‌ను ఇంట్లో వాడే సబ్బులలో కలపరాదని ఆ దేశమే 2016లో ఆంక్ష విధించడం విశేషం. అయితే ఆ ఆంక్ష కుట్టు దారానికి వర్తించదు. అదే 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ దారం వాడడం మేలని సూచించింది. తప్పనిసరి అనలేదు. అప్పటి వరకు జరిగిన పరిశోధనలలో కొన్నింటికి దారం తయారీదారులే సొమ్ము పెట్టారన్న మాట కూడా వైద్యులలో వున్నది.

మన వంటి దేశాలలో ఏం తేలింది?

ఇండియా, ఘనా, నైజీరియా, బెనిన్, రువాండా, దక్షిణాఫ్రికా, మెక్సికో దేశాలలోని 54 ఆసుపత్రులలో 5,788 మంది రోగులపై జరిగిన పరిశీలన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. కొందరికి మందు దారం, కొందరికి మామూలు దారం వేసి 30 రోజులు చూశారు. చీము పట్టడంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. మొత్తం మీద నూటికి 22 మందికి పుండు చెడింది. పేగు కోసిన ఆపరేషన్, పగిలిన అపెండిక్సు వంటి కేసులలో క్రిములు లోపలే వుంటాయి గనుక దారం మీది పూత ఏ మూలకూ రాదని అనుకోవలసి వుంటుంది.

మరుసటి ఏడు, అంటే 2022లో, అవే ఏడు దేశాలలో మరొక పరిశీలన ఫలితం వచ్చింది. పొట్ట ఆపరేషన్ ముగించి కుట్లు వేయబోయే ముందు డాక్టరు, నర్సు చేతి తొడుగులు మార్చుకుని, శుభ్రం చేసిన కొత్త పనిముట్లు తీసుకోవడం, అంతే. 13,301 మందిలో చూడగా పుండు చెడడం నూటికి దాదాపు 19 నుంచి 16కు తగ్గింది. పెద్ద కంపెనీ సరుకేమీ అక్కరలేని పని ఇది. అయినా దీనికి ప్రచారం చేసే ఏజెంటు ఎవరుంటారు?

ఇబ్రహీంపట్నంలో 2022 ఆగస్టు 25న ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకేరోజు 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరగగా నలుగురు మరణించిన సంగతి జిల్లా మరచిపోలేదు. మిగిలిన 30 మందిని హైదరాబాదు తరలించవలసి వచ్చింది. క్రిములు సోకడమే కారణమని విచారణలో తేలింది. ఆ ఆపరేషన్‌లో గొట్టం దూర్చేందుకు పెట్టేది చిన్న గాట్లే. అక్కడ దారం సంగతి లెక్కలోకే రాదు. ఒకరి తరువాత ఒకరికి వాడే పనిముట్టును మధ్యలో ఎంతసేపు, ఎలా శుద్ధి చేస్తున్నారన్నదే ప్రశ్న.

అడిగి తెలుసుకోవలసినవి

ఆపరేషన్ ముందు రాత్రి రేజరుతో వెంట్రుకలు గొరగడం ఇప్పటికీ కొన్నిచోట్ల కనిపిస్తుంది. రేజరు చేసే కంటికి కనిపించని గాట్లలోనే క్రిములు చేరతాయి. వెంట్రుకలు తీయడమే వద్దని, తప్పకపోతే మిషనుతో కత్తిరించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగా చెప్పింది. యాంటీబయాటిక్ ఇంజక్షన్ కోతకు ముందు రెండు గంటలలోపు పడాలి. ఆపరేషన్ అయ్యాక రోజుల తరబడి దానినే పొడిగించినంత మాత్రాన చీము ఆగదని కూడా ఆ సంస్థ చెప్పింది. షుగరు వున్నవారు అది అదుపులోకి వచ్చాక కోయించుకోవడం మేలు.

చీము సాధారణంగా పేషెంటు ఇంటికి చేరాకనే బయటపడుతుంది. అప్పుడు ఊళ్లో ఆర్.ఎం.పి. వద్ద ఇంజక్షన్లకు, కట్లకు డబ్బు పోయడం జరుగుతున్నది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో దారం, మందుల ఖర్చే గాక, డిశ్చార్జి అయిన 30 రోజుల వరకు తలెత్తే చిక్కుల వైద్యం కూడా చేర్చబడింది. ఆ పథకం కింద ఆపరేషన్ చేయించుకున్నవారు డిశ్చార్జి కాగితం పోగొట్టుకోకుండా అదే ఆసుపత్రికి తిరిగి వెళ్లవచ్చు. అక్కడ డబ్బు కట్టమంటే ఆరోగ్యమిత్రకు చెప్పుకోవచ్చు.