అద్దాల మేడ కాదు... ఎండ లెక్క నేర్చుకోండి

మే నెల మధ్యాహ్నం మూడు గంటలకు లాలాగూడలో ఏ అపార్ట్‌మెంట్ పైఅంతస్తుకైనా వెళ్లండి. ఏసీ లేకుండా పది నిమిషాలు కూర్చోలేం. అక్కడికి దగ్గర్లోనే ఉన్న పాత రైల్వే బంగళాల వరండాలో కూర్చుంటే ప్రాణం కాస్త కుదుటపడుతుంది.

ఇందులో మాయేమీ లేదు. నిజాం కాలంలో, 1893లో ఇక్కడ రైల్వే వర్క్‌షాప్ వచ్చింది. కరెంటు ఫ్యాన్లు లేని ఆ రోజుల్లో మందపాటి గోడలు, ఎత్తైన పైకప్పు, లోతైన వరండా, చుట్టూ చెట్లే దిక్కు. ఎండ గోడను తాకకుండా వరండా ఆపుతుంది. తాకిన వేడి లోపలికి చేరకుండా మందపాటి గోడ ఆలస్యం చేస్తుంది.

మరి మన ఆర్కిటెక్చర్, సివిల్ విద్యార్థులు ప్రాజెక్టుల్లో గీస్తున్నదేంటి? ఫోన్లో చూసిన యూరప్ అద్దాల ఇళ్లు! అక్కడ అవి సబబే. లండన్‌లో డిసెంబరు మిట్టమధ్యాహ్నం సూర్యుడు 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణాన పెద్ద అద్దం పెడితే ఆ కొద్దిపాటి ఎండా ఇంట్లోకొస్తుంది. హైదరాబాద్‌లో అదే రోజు సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. దక్షిణపు కిటికీకి సజ్జ వేస్తే చాలావరకు సరిపోతుంది. అసలు తిప్పలు పడమరతోనే. సాయంత్రం ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి సజ్జ ఆపలేదు. ఆ వైపు మెట్లో, బాత్రూమో, చెట్లో ఉండాలి. అద్దం పెట్టారంటే కరెంటు బిల్లుకు తలుపు తీసినట్టే.

'కస్టమర్లు అద్దాలే అడుగుతున్నారు కదా' అంటారు. వాళ్లే వాస్తు కూడా అడుగుతారు! దిక్కుల మీద అంత పట్టింపు ఉన్నవాళ్లకు ఎండ దిక్కు చెబితే వినరా? చెప్పే ఓపిక మనకుండాలి.

ఇది ఉద్యోగం మాట కూడా. కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం గోడలు, కిటికీల ద్వారా వచ్చే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదు. చలి ప్రాంతాలకు లెక్క వేరు. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఈ లెక్కలు వేసేవాళ్లు కావాలి. బీఆర్క్, బీటెక్ సివిల్ చేస్తున్నవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. ఇంజినీర్లు అనుభవం వచ్చాక బీఈఈ ఎనర్జీ ఆడిటర్ పరీక్ష రాయొచ్చు.

సాఫ్ట్‌వేర్ తర్వాత నేర్చుకోండి. ముందు ఓ ఆదివారం థర్మామీటర్, దిక్సూచి పట్టుకుని మీ ఇంట్లోనే గంటగంటకూ వేడి రాసుకోండి. ఏ గోడ కాలుతోందో, ఎప్పుడు కాలుతోందో తెలుస్తుంది. మీరు గీసే తర్వాతి ప్లాన్‌లో పడమటి కిటికీ దానంతటదే చిన్నదవుతుంది.