కాయ రేటు అడిగితే పురుగు వచ్చింది

మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. కోల్డ్ స్టోరేజీలో ఉన్న మిర్చి టిక్కీలు అమ్మాలా, ఆపాలా అని నాన్న తేల్చుకోలేకపోతుంటే, దాచిపెట్టిన వ్యవసాయ వార్తలన్నీ లూసీన్‌కి ఎక్కించి వెతికే ప్రోగ్రాము ఒకటి రాసిచ్చాను.

నాన్న "కాయ రేటు" అని కొట్టాడు. మొదటి ఫలితం: పత్తిలో కాయ తొలుచు పురుగు! ఒక్క ధరా రాలేదు.

మా వైపు ఉత్తినే కాయ అంటే మిరపకాయే. పేపరువాళ్ళేమో "మిర్చి ధరలు" అని రాస్తారు. నేను మాత్రం యూనికోడ్‌ని అనుమానించి రెండు గంటలు తగలేశాను. చివరికి ల్యూక్‌లో ఇండెక్సు తెరిచి చూస్తే మాటలన్నీ శుభ్రంగానే ఉన్నాయి. 2011లో 3.1 వచ్చేదాకా స్టాండర్డ్ టోకెనైజరు మన గుణింతాల దగ్గర మాటని విరిచేసేది, అప్పుడు తిట్టినా అర్థముంది. ఇప్పుడా సాకు లేదు. లూసీన్ 9లో తెలుగు ఎనలైజరు కూడా ఉంది.

అయితే తోక కోస్తే సరిపోయే భాషా మనది? "పొలానికి"లో "కి" తీసేస్తే "పొలాని" మిగుల్తుంది, "పొలం" రాదు. ఇక కాయకీ మిర్చికీ ఒక్క అక్షరం కూడా కలవదు. అక్కడ కావాల్సింది పర్యాయపదాల ఫైలు. అది క్యూబికల్‌లో కూర్చుని నాలాంటివాడు రాసేది కాదని నా అభిప్రాయం. (క్వెరీ వైపే పెట్టుకోండి, కొత్త మాట చేర్చినప్పుడల్లా ఇండెక్సు మళ్ళీ కట్టే పని తప్పుతుంది.)

నాన్న చెప్తుంటే నేను టైపు చేశాను. కాయ, మిర్చి, మిరప. రేటు, ధర, ధరలు. నేను "తాలు" కూడా కలపబోతుంటే ఆపాడు.

"తాలు రేటు వేరురా. అది చూసి సరుకు అమ్ముకుంటే మునిగిపోతాం."