నూనె తేలితేనే కూరా?

బరువు తగ్గాలని నిశ్చయించుకున్న మనిషికి మొదట దూరమయ్యేది కూర. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం ఉప్పూకారం లేని ఉడికించిన ముక్కలు, రాత్రి రెండు పుల్కాలు. పది రోజులు తిరక్కుండానే నోరు చచ్చిపోతుంది, బిర్యానీ పొట్లం ఇంటికొస్తుంది. ఆ మనిషికి నిగ్రహం లేదని ఇంటిల్లిపాదీ తేల్చేస్తారు. కానీ నూనె తగ్గితే కూరకు రుచే ఉండదని ముందే ఒప్పేసుకోవడం దగ్గరే అసలు చిక్కుంది.

నూనె తగ్గినా రుచి తగ్గని కూరలు చూడాలంటే పాకాల వైపు వెళ్లాలి. తిరుపతి నుంచి కాట్పాడి వెళ్లే రైలుమార్గంలో, ధర్మవరం లైను కలిసే జంక్షన్ అది. ఈ ప్రాంతం చెనక్కాయ (వేరుశనగ) పండించే మెట్టసీమ. నూనెగింజలు పండే చోటే అయినా ఇక్కడి పాతవంట నూనెను ఆచితూచి వాడింది. దొరికిన నాలుగైదు రకాల ఆకులు, పచ్చిమిరపకాయలు, ఎర్రగడ్డ (ఉల్లిపాయ), చింతపండు కలిపి ఉడకబెట్టి, పప్పుగుత్తితో ఎనిపి, చివర్లో తిరగబాత పెడితే పులగూర. ఉలవలు ఉడికిన నీళ్లు కాస్తే ఉలవచారు. సంక్రాంతి రోజుల్లో అనపగింజలు నానబెట్టి, తోలు పితికి వండితే పితికిపప్పు. అందులో కొబ్బరి మసాలా తగ్గించినా గింజ రుచి ఎక్కడికీ పోదు. ఈ కూరలకు చిక్కదనం ఆకు నుంచో, పప్పు నుంచో, చింతపండు నుంచో వస్తుంది. ఆవాలు చిటపటమన్నాక నూనెకు వేరే పని లేదు. పైగా 100 గ్రాముల ఉలవల్లో కొవ్వు గ్రాము లోపే, మాంసకృత్తులు 20 గ్రాములకు పైనే.

ఈ వంటను పక్కకు నెట్టింది చౌక నూనె. 1994లో పామాయిల్ దిగుమతికి తలుపులు తెరిచారు. ప్యాకెట్ కత్తిరించి బాణలిలోకి వంపడం అలవాటైంది. హోటల్ గ్రేవీ ఇంటి కూరకు కొలబద్ద అయింది. ఇప్పుడు చిన్న ఊళ్లలోనూ సాయంత్రమైతే కర్రీ పాయింట్ దగ్గర జనం కనిపిస్తారు. పైన ఎర్రటి నూనె తెట్టు కట్టిన కూర నిలవుంటుంది, కంటికీ నదరుగా ఉంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో 36 శాతం, పురుషుల్లో 31 శాతం అధిక బరువుతో ఉన్నారు. దేశ సగటు మహిళల్లో 24, పురుషుల్లో 23 శాతం మాత్రమే. ఈ తేడా మొత్తాన్నీ నూనె నెత్తిన రుద్దలేం. అయితే గ్రాముకు 9 కేలరీలిచ్చే పదార్థాన్ని కొలవకుండా పోస్తూ బరువు ఎందుకు తగ్గడం లేదని ఆశ్చర్యపోవడంలో అర్థం లేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కేలరీల భోజనానికి రోజుకు 27 గ్రాముల నూనె, కొవ్వులు చాలని చెప్పింది. లీటరు ప్యాకెట్ బరువు సుమారు 910 గ్రాములు. అంటే మనిషికి నెలకో ప్యాకెట్ చొప్పున ఖర్చవుతుంటే ఆ పరిమితి అప్పుడే దాటినట్టు. బరువు తగ్గాలనుకునేవాళ్లు రోజుకు మూడు టీస్పూన్లతో సరిపెట్టుకోవచ్చు. టీస్పూన్‌కు 40 కేలరీలు.

అంత తక్కువ నూనెతో కూర కుదురుతుందా అంటే కుదురుతుంది. కాకపోతే మంట దగ్గర కాస్త నిలబడాలి. ఎర్రగడ్డ ముక్కల మీద చిటికెడు ఉప్పు చల్లి మూత పెడితే వాటి నీళ్లలోనే మగ్గుతాయి. అడుగంటుతుంటే రెండు చెంచాల నీళ్లు చిలకరిస్తే చాలు. ధనియాలు, మిరియాలు ఒట్టి బాణలిలో వేయించుకోవాలి. వంకాయ నూనె పీల్చేస్తుంది కాబట్టి ముందు ఆవిరి మీద ఉడికించి, తర్వాత పులుసులో వేయాలి. నాటుకోడి పులుసుకు తోలు తీసేయాలి, చల్లారాక పైన పేరుకున్న కొవ్వును గరిటెతో తోడేయాలి. వంటల పుస్తకాల్లో కనిపించే ‘నూనె తేలేదాకా’ అన్న గుర్తు ఇక్కడ పనికిరాదు. మసాలా పచ్చివాసన పోయిందా లేదా అన్నదే చూసుకోవాలి.

తెలుగునాట ఈ విషయంలో రెండు కొసలూ చూశాం. ప్రకృతి వైద్యుడు మంతెన సత్యనారాయణరాజు ఏళ్లుగా ఉప్పూ నూనే లేని వంట చెబుతున్నారు. 2018 ప్రాంతంలో వీరమాచినేని రామకృష్ణ అన్నం మానేసి రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు తీసుకోమంటే వేలమంది సభలకు పరుగెత్తారు. రెండు దారుల్లోనూ బరువు తగ్గినవాళ్లున్నారు. కానీ ఇంట్లో అందరికీ ఒకే కుండలో వండే వంటకు ఆ రెండూ ఇమడవు. ఆకుకూరల్లోని బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలన్నా కాస్త కొవ్వు తోడుండాలి. ఒక చెంచా తిరగబాత ఆ పని చేస్తుంది, రుచీ ఇస్తుంది.

అలాగని పాత వంటంతా పథ్యమనుకుంటే బోల్తా పడతాం. రాగిసంగటికి తోడు నంజుకునే ఊరిబిండిలో ఉండేది చెనక్కాయలు, వాటిలో దాదాపు సగం కొవ్వే. 30 గ్రాముల గింజలు 170 కేలరీలు. ఊరిబిండి మానక్కర్లేదు, అది తిన్న పూట కూరలో నూనె తగ్గించుకుంటే సరి. రాగుల్లో కాల్షియం పుష్కలం, కేలరీలు మాత్రం బియ్యానికి కాస్త తక్కువ, అంతే. మూడు ముద్దల సంగటి పొలం దున్నే మనిషికి చెల్లుతుంది గానీ కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు చెల్లదు.

ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగరు పరీక్షలు చేస్తున్నారు. వాటితో పాటు ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారు, నెలకు ఎన్ని నూనె ప్యాకెట్లు తెస్తున్నారు అని కూడా అడిగి రాసుకోవాలి. లెక్క ఎక్కువగా తేలిన ఇంటికి ఓట్స్, ఆలివ్ నూనె పేర్లున్న డైట్ చార్టు ఇచ్చి లాభం లేదు. వారానికి మూడు రోజులు పులగూర, ఉలవచారు, తోలు తీసిన కోడిపులుసు అని రాసి ఇస్తే, పాకాలలోనైనా చిత్తూరులోనైనా ఆ కాగితాన్ని వంటింట్లో వాడుకుంటారు.