పది కోళ్లకి నీళ్లు పెట్టడానికి మూడు వేలా?

మొన్న మా బావ ఫోన్ చేసి, "ఒరేయ్, కోళ్లకి ఆటోమేటిక్ నీళ్ల సెట్టు తెప్పించాను, మూడు వేలయింది" అని మురిసిపోయాడు. ఆయన పెరట్లో ఉన్నవెన్ని? తొమ్మిది పెట్టలు, ఒక పుంజు. కోపం ఆగక ఈ పోస్టు రాస్తున్నా. తిట్టుకున్నా పర్లేదు, పూర్తిగా చదవండి.

ఆ సెట్టు చెడ్డదనను. వేల కోళ్లున్న ఫారాలకి అది కావాలి. కానీ నిపుల్‌కి మంచి నీళ్లుండాలి, రోజూ నొక్కి చూసే మనిషుండాలి. మనకేటుంది? ఏలేరు నీళ్లు కాలువలో ఉక్కు ఫ్యాక్టరీకి, వైజాగ్‌కి పోతాయి, మన పెరటికి బోరే గతి. టీ గిన్నె అడుగున తెల్లగా పేరుకునే పొర చూశారు కదా, అదే నిపుల్‌లో పట్టేస్తుంది. నాకెలా తెలుసంటే, రెండేళ్ల కిందట నేనూ కొన్నాను. మే నెలలో రెండు రోజులు పెళ్లికెళ్లి వచ్చేసరికి నాలుగు పెట్టలు చచ్చిపడున్నాయి. డబ్బా మాత్రం నిండుగా ఉంది. అది నిండుగా ఉండటమే ఇప్పటికీ మంట. గుడ్ల డబ్బులు మా ఆవిడవి, పిల్లల పుస్తకాలకి దాచుకునేవి. ఆవిడ ఒక్క మాటా అనలేదు, అదింకా కష్టం.

ఇంకో రకం మనోళ్లున్నారు. "నాటు కోడికి నీళ్లేటి, ఏ కాలువలోనో తాగుతుంది" అంటారు. తాగుతుంది, మురుగు. ఆ తర్వాత పారుతుంటే మందుల షాపుకి పరిగెడతారు. కోడికి చెమట పట్టదు బాబూ. నోరు తెరిచి ఒగర్చి ఒంట్లో వేడి దించుకుంటుంది, అలా తడంతా పోతుంది. పెద్ద పెట్ట మామూలు రోజుల్లో పావు లీటరు దాకా తాగుతుంది, ఎండాకాలం దానికి రెట్టింపు. గుడ్డులో ముప్పావు వంతు నీళ్లే. నీళ్లు పెట్టకుండా గుడ్డు పెట్టలేదని పెట్టని కోస్తే ఎలా?

నేనిప్పుడు చేసేది చెప్తా. ఐదు లీటర్ల పాత వంటనూనె క్యాను సబ్బుతో కడిగి, మూతి దగ్గర చిన్న కన్నం పెట్టాను. నీళ్లు నింపి మూత బిగించి, వెడల్పాటి మట్టి మూకుడులో బోర్లించాను. కన్నం మూకుడు అంచు కన్నా ఒక వేలు కిందికి ఉండాలి, ఇదొక్కటే కిటుకు. నీళ్లు కన్నాన్ని ముంచగానే లోపలికి గాలి పోదు, ధార ఆగిపోతుంది. కోడి తాగి మట్టం తగ్గితే మళ్లీ వస్తుంది. కన్నం అంచు కన్నా పైనుంటే నీళ్లన్నీ నేలపాలే. క్యానుని గోడకి తాడుతో కట్టండి, లేకపోతే పుంజు తన్నేస్తుంది. మూకుడు కింద రెండు ఇటుకలు పెడితే, కాళ్లతో గీరిన చెత్త అందులో పడదు. అంతా వేప చెట్టు నీడలో. ఖర్చు మూకుడిదే.

పిల్లలున్న తల్లికి వేరేగా కొబ్బరి చిప్ప, అందులో నాలుగు గులకరాళ్లు. బకెట్లూ తొట్లూ వద్దు, పిల్లలు పడి చస్తాయి. రోజూ పొద్దున్నే కొబ్బరి పీచుతో మూకుడు తోమాలి. ఆ పని తప్పించే యంత్రం మూడు వేలకి కాదు, ముప్పై వేలకీ దొరకదు.

గాజువాక వైపు చవగ్గా దొరుకుతున్నాయని కంపెనీల పాత రసాయనాల డ్రమ్ములు తెచ్చి నీళ్లు పోస్తున్నారు కొందరు. ఎంత కడిగినా అందులో ఏముందో మనకి తెలీదు. ఆ గుడ్డు తినేది మన పిల్లలే.

ఇంకొకటి. కొక్కెర రోగానికి లసోటా టీకా నీళ్లలో కలిపే రోజున బ్లీచింగ్ వేసిన నీళ్లు వాడొద్దు. చచ్చేది రోగం కాదు, టీకా. ఆ పూటకి ఇనప డబ్బా కాకుండా ప్లాస్టిక్ పళ్లెం వాడండి. ముందు గంటా రెండు గంటలు నీళ్లు తీసేస్తే గబగబా తాగేస్తాయి. కాస్త పాలపొడి కలపాలా, ఎంత కలపాలని పశువుల డాక్టరు గారినడగండి.

బావ సెట్టు వెనక్కి పంపేస్తానన్నాడు. వాళ్లు తీసుకోరట. పోనీలే, ఆ డబ్బాకి కన్నం పెట్టి మూకుడులో బోర్లించమన్నాను. ఆదివారం నేనే వెళ్లి పెట్టొస్తా.