ఒక్క అంకె చూసి కిడ్నీకి పాస్ మార్కులు వేయొద్దు



మొన్న పదో తరగతిలో విసర్జన పాఠం చెబుతున్నాను. బోర్డు మీద నెఫ్రాన్ బొమ్మ గీసి ఇటు తిరిగేసరికి ఒక అబ్బాయి చెయ్యెత్తాడు. “మేడమ్, మా తాతయ్యకి క్రియాటినిన్ ఆరు అన్నారు. ఎంతకి ఆరు?” క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. వాళ్ల తాతయ్యగారిది ఉద్దానం.

ఆ అబ్బాయికి చెప్పిందే మీకూ చెబుతాను. ఎందుకంటే మనలో చాలామంది రిపోర్టులో ఒక్క అంకె చూసి ‘కిడ్నీలు బాగానే ఉన్నాయి’ అనుకుంటాం. అలా అనుకోకూడదన్నదే నా మాట.

కిడ్నీ ఒక్కొక్కటి మన పిడికిలంత ఉంటుంది. గుండె పంపే రక్తంలో ఐదో వంతు వీటికే వెళ్తుంది. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు. ప్రతి నెఫ్రాన్ మొదట్లో సన్నని రక్తనాళాల చుట్ట ఉంటుంది. నీరు, ఉప్పు, యూరియా లాంటివి అందులోంచి వడకట్టుకుపోతాయి. రక్తకణాలు, ప్రొటీన్లు రక్తంలోనే ఉండిపోవాలి. పెద్దవాళ్లలో ఇలా రోజుకు దాదాపు 180 లీటర్లు వడపోస్తే, అందులో 99 శాతం నీటిని మళ్లీ రక్తంలోకే పంపి, లీటరున్నర మాత్రమే మూత్రంగా వదులుతాయి.

మరి క్రియాటినిన్ ఏమిటి? కండరాలు పనిచేస్తుంటే రోజూ తయారయ్యే వ్యర్థం. వడపోత తగ్గితే రక్తంలో పేరుకుంటుంది. పెద్దవాళ్లకు సుమారు 0.6 నుంచి 1.2 వరకు మామూలు. అంటే ఇక్కడ ఎక్కువ వస్తే సంతోషించేది కాదు. ఆ అబ్బాయి తాతయ్యగారి ఆరు చాలా పెద్ద అంకె.

చిక్కు ఇంకొకటుంది. పెళ్లి బంతిలో నలుగురు వడ్డిస్తున్నారనుకోండి. ఇద్దరు వెళ్లిపోతే మిగతా ఇద్దరూ పరుగులు పెట్టి వడ్డిస్తారు. కూర్చున్నవాళ్లకు తేడా తెలియదు. కిడ్నీ కూడా అంతే. కొన్ని నెఫ్రాన్లు పోతే మిగిలినవి ఎక్కువ పనిచేస్తాయి. అందుకే సగం పనితనం పోయేదాకా క్రియాటినిన్ ‘నార్మల్’గానే కనబడవచ్చు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు.

దీని ఫలితం ఎలా ఉంటుందో మనకు దూరం వెళ్లకుండానే తెలుస్తుంది. మన ద్వారకా నగర్ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పలాస, సోంపేట, ఇచ్ఛాపురం బస్సులు దిగేవాళ్లలో రిపోర్టుల కవర్లు పట్టుకుని కేజీహెచ్‌కి వెళ్లేవాళ్లుంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల ఉద్దానంలో షుగరు, బీపీ లేని రైతులకూ, కూలీలకూ కిడ్నీ జబ్బు వస్తోంది. నీరు, ఎండలో చాకిరీ, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం... అన్నింటినీ పరిశీలించారు. ఇదే కారణమని ఇప్పటికీ తేలలేదు. శ్రీలంకలోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. వంశధార నీటిని ఆ ఊళ్లకు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. మంచిదే. కానీ డయాలసిస్ మంచం దాకా వచ్చాక పోయిన నెఫ్రాన్లను ఏ ఆసుపత్రీ తిరిగి ఇవ్వలేదు.

ఇప్పుడు మన పిల్లల సంగతి. ఏడేళ్ల పాప, ఎత్తు 120 సెంటీమీటర్లు, క్రియాటినిన్ 0.9 అనుకోండి. ల్యాబ్ రిపోర్టులో పెద్దవాళ్ల పరిధే ముద్రించి ఉంటే అది ‘నార్మల్’. కానీ పిల్లలకు కండ తక్కువ, కాబట్టి క్రియాటినిన్ కూడా తక్కువే ఉండాలి. డాక్టర్లు వాడే లెక్క ఇది: ఎత్తును 0.413తో గుణించి, క్రియాటినిన్‌తో భాగించాలి. మన పాపకు వచ్చేది 55. మామూలుగా 90 పైన ఉండాలి. 60 కన్నా తక్కువగా మూడు నెలలు కొనసాగితే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. రిపోర్టు మీద పాస్, అసలు లెక్కలో ఫెయిల్.

మూత్ర పరీక్ష ఇంకో కోణం చూపిస్తుంది. వడపోత చిల్లుపడితే ప్రొటీన్, రక్తం మూత్రంలోకి వస్తాయి. క్రియాటినిన్ ఇంకా కదలకముందే ఇది తెలియవచ్చు. అయితే ఉద్దానం తరహా జబ్బులో ప్రొటీన్ పెద్దగా పోకపోవచ్చు. ఒక పరీక్షకు దొరకనిది రెండోదానికి దొరుకుతుంది. అందుకే ఉద్దానంలో బంధువులున్న పెద్దలు, షుగరు, బీపీ ఉన్న పెద్దలు రెండూ చేయించుకోవాలి.

మన స్కూల్లో ఏటా ఎత్తు, బరువు, కళ్లు, పళ్లు చూస్తున్నాం. ఆ రోజే యూరిన్ స్ట్రిప్ పరీక్ష కూడా చేర్చాలని నా అభిప్రాయం. హెల్త్ ఫారంలో ‘ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉందా?’ అనే ప్రశ్న కూడా ఉండాలి. జపాన్ స్కూళ్లలో 1974 నుంచి మూత్ర పరీక్ష చేస్తున్నారు. దీనికి అభ్యంతరం కూడా ఉంది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2007లో దీన్ని అందరికీ చేసే పరీక్షల్లోంచి తీసేసింది. జ్వరం వచ్చినా, బాగా ఆడినా, నెలసరి సమయంలోనూ స్ట్రిప్ రంగు మారవచ్చు, తల్లిదండ్రులు ఊరికే కంగారుపడతారు. నిజమే. కానీ తెల్లవారి మొదటి మూత్రంతో మళ్లీ చూస్తే ఆ కంగారు చాలావరకు తీరుతుంది. ఆలస్యంగా తెలిస్తే పడే కష్టంతో పోలిస్తే ఇది చిన్నది.

చివరగా ఒక మాట ఒప్పుకోవాలి. “ఇప్పుడే కదా బ్రేక్ అయింది, కూర్చో” అని నేనూ చాలాసార్లు పిల్లలతో అన్నాను. పిల్లలు ఏం చేస్తారు? నీళ్లు తాగడం మానేస్తారు. సాయంత్రం బాటిల్ నిండుగా ఇంటికొస్తుంది. మూత్రం ఆపుకునే పిల్లలకు ఇన్‌ఫెక్షన్లు రావచ్చు. జ్వరంతో పదే పదే వస్తే కిడ్నీ మీద మచ్చ మిగలవచ్చు. ఈ ఏడాది నా క్లాసులో అడిగిన వెంటనే పంపుతున్నాను. పాఠం ఏమీ ఆగలేదు.

మీ వంతుగా ఈ రోజు నుంచే మూడు పనులు చేయండి. సాయంత్రం బాటిల్ చూడండి. మొహం ఉబ్బినా, మూత్రం నురగ కట్టినా, ఎర్రగా లేదా టీ రంగులో వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించండి. డాక్టరు చెప్పకుండా నొప్పి మాత్రలు ఇవ్వకండి, ముఖ్యంగా వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు.

ప్రోగ్రెస్ కార్డులో ఒక్క సబ్జెక్టు మార్కు చూసి మీరు సంతకం పెట్టరు కదా. పిల్లల కిడ్నీ రిపోర్టును కూడా అంతే శ్రద్ధగా, అంతా చదివి చూడండి.