పాత ఓమ్నీ వ్యాను కొనబోయే సంఘములకు

గత కొన్ని నెలలుగా మాకు అందిన ఉత్తరములలో ఒకే ప్రశ్న పలు విధములుగా కనబడుచున్నది. "అయ్యగారూ, మా ఊరిలో ఒకరు పాత వ్యాను చవకగా అమ్ముతున్నారు. కొని బాగుచేసుకొని పదిమందికి పనికి వచ్చేలా వాడుదామని మా యౌవనస్థులు పట్టుబడుతున్నారు. మీరేమంటారు?" అన్నది ఆ ప్రశ్న. మా సంఘములో ఏడాదిన్నర క్రితం ఇదే పని మొదలుపెట్టి ఒక కొలిక్కి తెచ్చుకున్నాము గనుక, తెలిసినంతవరకు వ్రాస్తున్నాము.

మేము కొన్నది మారుతి ఓమ్నీ. ఈ వ్యాను 1984లో మొదట వచ్చింది, 1988లో దానికి ఓమ్నీ అన్న పేరు పెట్టారు, 2019లో తయారీ ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ సెకండ్ హ్యాండువే. ఇంజను 796 సి.సి., మూడు సిలిండర్లు. అది ముందు సీట్ల క్రింద ఉంటుంది. సీటు ఎత్తితే చేతికి అందుతుంది. వెనుక చక్రములు లాగుతాయి, వెనుక కమాన్లు ఉంటాయి. ఇంత సాదా బండి గనుకనే మండల కేంద్రములోని ఏ షెడ్డువాడైనా దీనిని విప్పి బిగించగలడు. 2010లో వచ్చిన ఈకోకు ఇంజను పెద్దది, బలము ఎక్కువ, కాని పాతది కొనాలన్నా ధర ఎక్కువ. మా చేతిలోని సొమ్ముకు ఓమ్నీయే అందింది.

అయితే బండికంటె ముందు మాట్లాడుకోవలసినది ఒకటున్నది. అది దేనికి? మా దగ్గర ఆ ప్రశ్నకు జవాబు ముందే సిద్ధముగా ఉన్నది. మా సంఘములో ఒక సహోదరికి మూత్రపిండములు పాడై డయాలసిస్ జరుగుతున్నది. వారానికి మూడుసార్లు, ఒక్కొక్కసారి సుమారు నాలుగు గంటలు. చికిత్స ప్రభుత్వ పథకము క్రింద ఉచితమే. ఆసుపత్రి మాత్రం 26 కిలోమీటర్ల దూరములో ఉన్నది. ఆటోకు రానుపోను 700 రూపాయలు. భర్త కూలిపని చేస్తాడు. ఆమె మెల్లగా మూడింటిని రెండు చేసుకున్నది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ముఖము ఉబ్బి, ఆయాసము వచ్చి, పడుకుంటే ఊపిరి అందని పరిస్థితిలో సంగతి బయటపడింది. 108 వాహనములు మన రాష్ట్రములో 2005 ఆగస్టు 15 నుండి తిరుగుతున్నాయి, ఎందరి ప్రాణములనో కాపాడాయి. కాని అవి అత్యవసరమునకు వస్తాయి. రోజు విడిచి రోజు తీసుకువెళ్లి, నీరసముతో ఉన్న మనిషిని తిరిగి ఇంటి గుమ్మము దగ్గర దించే పని వాటిది కాదు. ప్రక్క పల్లెలో మరొక పెద్దాయన కూడా అదే ఆసుపత్రికి అవే రోజులలో వెళుతున్నాడని తెలిసింది. ఆయన మన సంఘస్థుడు కాడు. బండి ఇద్దరికీ అని ఆరోజే నిర్ణయించాము.

దేనికో తేలనిదే బండి కొన్నవారి సంగతి మేము చూశాము. పండుగకు ఒకసారి, పెండ్లికి ఒకసారి తిరిగి, మిగతా రోజులు వేపచెట్టు క్రింద నిలబడి, టైర్లు నేలకు అంటుకుపోయి, చివరికి కోళ్లు గుడ్లు పెట్టుకునే చోటుగా మారుతుంది.

ఇక బండి చూడడము. ఉదయమే వెళ్లండి, వస్తున్నామని చెప్పకుండా వెళితే మరీ మంచిది. ఇంజను చల్లగా ఉండగా స్టార్టు చేయించాలి. ముందుగానే వేడిచేసి ఉంచిన ఇంజను తన జబ్బులు దాచుకుంటుంది. సైలెన్సరు నుండి నీలిపొగ ఆగకుండా వస్తుంటే ఆయిలు కాలుతున్నదని అర్థము. ఆయిలు మూత తీస్తే లోపల మజ్జిగ తెట్టువంటిది కనబడితే నీరు ఆయిలులో కలుస్తున్నదేమోనని అనుమానించాలి. ఇంజను పోతే వేరే ఇంజను దొరుకుతుంది. తుప్పు అలా కాదు. క్రింద పరచిన మ్యాటు ఎత్తి ఫ్లోరు చూడండి, జరుపు తలుపు నడిచే క్రింది పట్టాలు చూడండి, చక్రముల పైకమ్ములు చూడండి. జేబులో ఒక చిన్న అయస్కాంతము పెట్టుకొని వెళ్లండి. రంగు క్రింద రేకు ఉంటే పట్టుకుంటుంది, మందముగా లప్పము ఉంటే జారిపోతుంది. మా కుర్రవాళ్లు ఈ అయస్కాంతముతోనే రెండు బండ్లను వద్దన్నారు. అందులో ఒకటి చూడడానికి క్రొత్త పెండ్లికూతురిలా ఉన్నది.

టైర్ల ప్రక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారములో తయారైనదని అర్థము. పళ్లు ఎంత మిగిలినా, ఏండ్లు గడిచిన రబ్బరు బీటలు వారుతుంది. అమ్మేవారు పళ్లు చూపిస్తారు, మనము అంకెలు చూడాలి.

కాగితముల సంగతి కొంచెము నిదానముగా చదవండి. సొంత వాడకపు బండికి రిజిస్ట్రేషను 15 ఏండ్లు. ఆ తరువాత తనిఖీ చేయించి ఐదేసి ఏండ్లకు పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుండి కారుకు ఈ పొడిగింపు రుసుము 600 రూపాయల నుండి 5000 అయింది, 20 ఏండ్లు దాటినవాటికి 2025లో ఇంకా పెంచారు. గ్రీన్ ట్యాక్సు వేరే. చవక బండి ఎందుకు చవకో చాలాసార్లు ఇక్కడే తెలుస్తుంది. మేము కొన్నది 2009 మోడలు, 75 వేలు. పొడిగింపు అమ్మినవారే చేయించారు, 2029 వరకు ఉన్నది. ఆర్.సి.లోని ఇంజను నంబరు, చాసిస్ నంబరు బండిమీది నంబర్లతో ఒక్కొక్క అంకె పోల్చండి. అప్పుమీద కొన్న బండి అయితే, అప్పు తీరిన కాగితము తీసుకొని ఆర్.సి.లో ఆ మాట కొట్టివేయించిన తరువాతే డబ్బు ఇవ్వండి. 29, 30 నంబరు ఫారములమీద అమ్మినవారితో సంతకములు చేయించి వెంటనే పేరు మార్పించండి. చట్టము ప్రకారము అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో తెలియజేయాలి.

"మనవాళ్లే గదా, తరువాత చూసుకుందాములే" అనే మాట మన పల్లెలలో ఎక్కువ. ఒకరి తరువాత ఒకరికి చేతులు మారి, రిజిస్ట్రేషనులో మాత్రం మొదటివాని పేరే ఉండిపోయిన ఒక కారు ప్రమాదము చేసిన కేసులో, నష్టపరిహారము రిజిస్ట్రేషనులో పేరున్నవాడే చెల్లించాలని సుప్రీం కోర్టు 2018లో తీర్పు చెప్పింది. బండి అమ్మేసి హాయిగా నిద్రపోయే మనిషి తలుపు తట్టే సంగతి ఇది. మీరు అమ్మేవారైనా కొనేవారైనా, ఈ పేరా ఇంట్లో పెద్దగా చదివి వినిపించండి.

ఎవరి పేరున రాయించాలి? మా సంఘము రిజిస్టరు సొసైటీ గనుక సొసైటీ పేరున రాయించాము. కాపరి పేరున వద్దని మేమే గట్టిగా అన్నాము. కాపరికి బదిలీ అవుతుంది, బండి ఊరిలో ఉండాలి. ఆయన పోతూ పోతూ తీసుకువెళ్లాడన్న మాట పుడితే పది సంవత్సరములైనా చల్లారదు. సొసైటీ లేనిచోట పెద్దలలో ఒకరి పేరున పెట్టక తప్పదు. అప్పుడు ఇది సంఘము సొమ్ముతో కొన్నదని తీర్మానము వ్రాసి అందరూ సంతకములు చేయండి.

బండి ఇంటికి వచ్చిన రోజున కుర్రవాళ్ల కోరికల జాబితా పెద్దదే. క్రొత్త రంగు, పాటల పెట్టె, అద్దములకు నల్ల ఫిల్ము, పైన మైకు హారన్లు. షెడ్డు భాయి అంతా విని, "అయ్యగారూ, నడవడము ఎట్లాగో నడుస్తాది. ఆగుతాదో లేదో ముందు చూద్దాం" అన్నాడు. ఆ మాటతో క్రమము తేలిపోయింది. బ్రేకు షూలు, వీల్ సిలిండర్లు, ముందు ప్యాడ్లు, బ్రేకు ఆయిలు మొదట. తరువాత స్టీరింగు బాల్ జాయింట్లు, నాలుగు టైర్లు, స్టెప్నీ. ఆ తరువాత పెట్రోలు గొట్టములు. ఈ గొట్టముల గురించి ఒక మాట. ఇప్పుడు బంకులలో పోస్తున్నది 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు. 2009 నాటి రబ్బరు దానికోసము తయారైనది కాదు. ఇంజనేమో మనము కూర్చున్న సీటు క్రిందే ఉన్నది. వేడి ఇంజనుమీద పెట్రోలు చుక్క పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. గొట్టములన్నీ, క్లిప్పులతో సహా, క్రొత్తవి వేయించాము. అయిన ఖర్చు ఒక పూట కూలికి మించలేదు. మంటలార్పే చిన్న సిలిండరు ఒకటి డ్రైవరు చేతికందేలా బిగించాము.

శనివారము సాయంత్రములు కుర్రవాళ్లు ఫ్లోరు మీద పడ్డారు. మ్యాట్లు పీకి, వైరు బ్రష్షుతో తుప్పు రాల్చి, చిల్లులు పడినచోట రేకు వెల్డింగు చేయించి, రెడాక్సైడు పూసి ఆరబెట్టారు. వెల్డింగు చేసే ముందు బ్యాటరీ తీగ ఊడదీయడము, పెట్రోలు ట్యాంకు దగ్గర నిప్పు రాకుండ చూడడము భాయి దగ్గరుండి చేయించాడు. ఇంటరు తప్పి అరుగుల మీద కూర్చునే ఒక అబ్బాయి ఈ పనిలో పడి, ఇప్పుడు అదే షెడ్డులో రోజూ పనికి వెళుతున్నాడు. వాళ్లమ్మ మొదట్లో "చదువుకున్నోడికి గ్రీజు పనేందయ్యగారూ" అన్నది. ఇప్పుడు ఏమీ అనడము లేదు. మొత్తము బాగుచేయడానికి 43 వేలు అయింది. రంగు ఇంతవరకు వేయించలేదు.

కోరికలలో కొన్నింటికి అడ్డుపడవలసి వచ్చింది. మొదటిది వంటగ్యాసు. "పెట్రోలు ఎక్కడ పోస్తామయ్యా, ఇంట్లో సిలిండరు పెట్టి నడుపుదాం, చాలామంది నడపడము లేదా" అని ఒక పెద్దాయనే అన్నారు. నడిపేవారున్న మాట నిజమే. అది చట్టరీత్యా నేరము, అంతకంటె ముందు అది ప్రాణాంతకము. కుదుపులకు రబ్బరు గొట్టము సడలితే, తలుపులు మూసిన పెట్టెలో గ్యాసు నిండుతుంది, నిప్పురవ్వ పుట్టే ఇంజను అదే పెట్టె అడుగున ఉన్నది. గ్యాసే కావాలంటే అనుమతి పొందిన కిట్టు అధీకృతులచేత బిగించి ఆర్.సి.లో వ్రాయించుకోవాలి. ఈ విషయములో మేము పెద్దరికము చూడలేదు. ఆయన రెండు ఆదివారములు మాతో మాట్లాడలేదు.

రెండవది, సీట్లు పీకి మంచము పెట్టి "అంబులెన్సు" అని వ్రాయించడము. అంబులెన్సుకు వేరే ప్రమాణములున్నాయి, వేరే రిజిస్ట్రేషను ఉన్నది. తయారీదారు ఇచ్చిన రూపమునకు విరుద్ధముగా బండిని మార్చరాదని సుప్రీం కోర్టు 2019 జనవరిలో స్పష్టము చేసింది. మా బండిలో సీట్లు ఉన్నవి ఉన్నట్లే ఉన్నాయి. ఎక్కడానికి ఒక చెక్క పీట, పట్టుకోవడానికి ఒక పట్టీ, తలక్రింద రెండు దిండ్లు, వాంతి వస్తే ఒక బకెట్టు. రోగికి అంతకంటె ఎక్కువ అవసరపడలేదు. నల్ల ఫిల్ము 2012 నుండి నిషేధము. మైకులకు పోలీసువారి అనుమతి కావాలి, రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు అసలే కూడదు. మా బండిమీద మైకు పెట్టలేదు. డయాలసిస్ చేయించుకొని వచ్చేవారికి నిశ్శబ్దమే కావాలి.

మూడవది డబ్బు. పెద్దాయన కొడుకు మంచివాడు, "ఊరకే ఎక్కితే మాకు బాగుండదు, ట్రిప్పుకు మూడు వందలు తీసుకోండి" అన్నాడు. సొంత వాడకపు బండిలో బాడుగ తీసుకొంటే అది పర్మిటు లేని టాక్సీ అవుతుంది, ప్రమాదము జరిగితే బీమావారు చేతులెత్తేసే వీలుంటుంది. ఎవరివద్దా పైసా తీసుకోరాదని నిర్ణయించాము. రానుపోను 52 కిలోమీటర్లకు దాదాపు నాలుగు లీటర్లు పడుతుంది, నెలకు యాభై లీటర్లు. ఆ ఖర్చు సంఘము భరిస్తున్నది. కొన్ని కుటుంబములు కోడిగుడ్లు అమ్మి ఇస్తున్నాయి. ఆ కొడుకు మాత్రం వారానికొకసారి వచ్చి బండి కడిగి వెళుతున్నాడు, దానికి చట్టము అడ్డురాదు.

డ్రైవర్లు ముగ్గురు, ముగ్గురికీ లైసెన్సు ఉన్నది. గంటకు 50 దాటకూడదని కట్టడి. ఈ బండికి ముందు ఇంజను అడ్డము లేదు, గుద్దుకుంటే డ్రైవరు మోకాళ్లే మొదట తగులుతాయి. రాత్రిపూట హైవే మీదికి పంపము. సీటు క్రింద ఒక నోటుపుస్తకము ఉంటుంది. తేదీ, ఎవరు నడిపారు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత పెట్రోలు, ఏమి శబ్దము విన్నారు అని వ్రాయాలి. ఆ చివరి గడిలో వ్రాసిన "ఎడమ వెనుక చక్రము దగ్గర గుయ్‌మంటున్నది" అన్న ఒక్క మాటవలన బేరింగు దారిలో పట్టేయకముందే దొరికింది.

సహోదరి ఇప్పుడు మూడుసార్లు వెళుతున్నది. బండి ప్రతి నెలా ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నది. ఈ నెల క్లచ్ ప్లేటు. ఎడమ ప్రక్క జరుపు తలుపు వానకు ఇంకా కారుతున్నది, క్రొత్త రబ్బరు పట్టీకి చెప్పిపెట్టాము. 2029లో మళ్లీ పొడిగింపుకు పోవాలి గనుక, నెలకు 500 చొప్పున వేరుగా తీసి పెడుతున్నాము. మీ ఊరిలో బండి చూసి వచ్చినవారు, ఫ్లోరు, పట్టాలు, టైరు అంకెలు, ఆర్.సి. గడువు ఇవి నాలుగూ వ్రాసి పంపితే, మా భాయికి చదివి వినిపించి ఆయన చెప్పినది వచ్చే నెల ఇక్కడే వ్రాస్తాము.