‘మెటాప్లేసియా’ అన్న మాటకు భయపడి గర్భసంచి వదులుకోకండి

పాప్ స్మియర్ రిపోర్టులో ‘స్క్వేమస్ మెటాప్లేసియా’ అని ఉంటే చాలు, “క్యాన్సరుకు దారితీసే మార్పు మొదలైంది, సంచి తీయించుకోవడమే మేలు” అని సలహా ఇచ్చేవారు నేటికీ ఉన్నారు. తెలియక ఇస్తే అది అజ్ఞానం. తెలిసి ఇస్తే వంచన. ఈ మాటను ఎందుకంటున్నానో గ్రహించాలంటే ముందుగా ఆ పదం పుట్టుకను చూడాలి.

గ్రీకు భాషలో ‘మెటా’ అనే ఉపసర్గకు మార్పు అన్న అర్థం ఉంది. ‘ప్లాసైన్’ అంటే మట్టినో మైనాన్నో మలచడం. ‘ప్లాస్టిక్’ అన్న మాట పుట్టినది కూడా ఆ ధాతువు నుంచే. ఒక రూపంలో ఉన్నదానిని మరొక రూపంలోకి మలచడమే మెటాప్లేసియా. దీనికి సోదరపదమైన ‘మెటాప్లాస్మోస్’ను గ్రీకు వ్యాకరణవేత్తలు పదరూపంలో కలిగే మార్పుకు వాడారు. మనకూ ఇటువంటిది కొత్త కాదు. ‘వాడు కొట్టె’ అన్నది ‘వాడు గొట్టె’ అయినప్పుడు ‘క’ స్థానంలో ‘గ’ ఆదేశంగా వచ్చిందంటాము. మాట చెడిపోయిందని ఎవరూ అనరు. ఆధునిక పాథాలజీకి పునాది వేసిన జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్చో 1884లో ఈ పేరుతోనే వ్యాసం ప్రచురించి, దీనిని వైద్యపదంగా స్థిరపరిచాడు.

వైద్యంలో దీని అర్థం స్పష్టం. ఒకచోట ఉండవలసిన పరిణత కణజాలం స్థానంలో మరొక రకం పరిణత కణజాలం ఏర్పడడం. అప్పటికే తయారైన కణం వేషం మార్చుకోదు. అడుగున ఉన్న మూలకణాలు పరిసరాల ఒత్తిడికి లోనై, వేరొక రకం కణాలను తయారుచేయడం మొదలుపెడతాయి. కొత్తగా వచ్చిన కణాలలో క్రమం ఉంటుంది, పరిణతి ఉంటుంది. ఆ క్రమం తప్పితే అది ‘డిస్‌ప్లేసియా’. అదుపు లేని కొత్త పెరుగుదల ‘నియోప్లేసియా’. మూడింటి చివరా ఒకే ప్రత్యయం ఉన్నంత మాత్రాన మూడూ ఒకటి కావు.

గర్భాశయ ముఖద్వారం సంగతే తీసుకోండి. యుక్తవయసులో ఈస్ట్రోజెన్ ప్రభావంతో లోపలి స్తంభాకార కణాల పొర కొంత వెలుపలికి వస్తుంది. యోనిలోని ఆమ్లత్వం దానికి సరిపడదు. అందువల్ల క్రమంగా ఆ స్థానంలో పొలుసుల వంటి పలచని, గట్టి కణాల పొర ఏర్పడుతుంది. రిపోర్టులో రాసిన స్క్వేమస్ మెటాప్లేసియా ఇదే. ఇది స్త్రీ శరీరంలో సహజంగా జరిగే ప్రక్రియ. దీనికి మందు అక్కరలేదు, శస్త్రచికిత్స అసలే అక్కరలేదు.

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఇవన్నీ ఈ ఒక్క మాట వల్ల జరిగాయని నేననను. కానీ “క్యాన్సరు వస్తుందేమో” అన్న భయం ఆపరేషన్ బల్ల దాకా నడిపించిన స్త్రీలను ప్రభుత్వ సర్వీసులో ఎందరినో చూశాను. సంచితోపాటు అండాశయాలు కూడా తీసివేస్తే ముప్పై అయిదేళ్లకే ముట్లుడిగి, ఎముకలు బలహీనపడతాయి. కూలిపనికి వెళ్లే స్త్రీకి ఇది చిన్న నష్టమా?

అలాగని మెటాప్లేసియా ఎక్కడున్నా నిర్లక్ష్యం చేయవచ్చునని అనుకోకండి. పొగ తాగేవారి శ్వాసనాళాలలో నూగు వంటి శైలికలు గల కణాలు పోయి, పొలుసుల కణాలు వస్తాయి. అవి పొగను తట్టుకుంటాయి గాని కఫాన్ని పైకి నెట్టలేవు. పొగ మానితే ఆ పొర చాలావరకు కోలుకోగలదు. మానకపోతే క్యాన్సరుకు అదే నేల కావచ్చు. ఏళ్ల తరబడి ఆమ్లం ఎగదన్నేవారి అన్నవాహికలో వచ్చే ‘బారెట్స్’ మార్పు, హెలికోబాక్టర్ పైలోరి సోకిన జీర్ణాశయంలో పేగు పొరను పోలిన కణాలు కనిపించడం కూడా రూపాంతరాలే. ఇవి ఉన్నవారిలో అధికులకు క్యాన్సరు రాదు. అయినా వైద్యుని పర్యవేక్షణ అవసరం. విటమిన్ ఎ లోపించిన పిల్లల కంటిపొర ఎండి గరుకుబారడం కూడా ఇటువంటి మార్పే. అది కత్తితో కాదు, విటమిన్‌తో నయమవుతుంది.

కాబట్టి రిపోర్టు చేతికి రాగానే మూడు ప్రశ్నలు అడగండి. ఈ మార్పు ఏ అవయవంలో ఉంది? కారణమేమిటి? డిస్‌ప్లేసియా ఉన్నదా, లేదా? ముఖద్వారంలో ఈ మార్పు జరిగే చోటనే హ్యూమన్ పాపిలోమా వైరస్ తేలికగా పాగా వేస్తుంది. అందుచేత ముప్పై దాటిన స్త్రీలు క్రమం తప్పక పరీక్ష చేయించుకోవలసిందే. పరీక్ష వేరు, సంచి తీయించుకోవడం వేరు.

వైద్య మిత్రులకు ఒక మాట. ‘కణజాల రూపాంతరం’ అని తెలుగులో చెప్పడానికి, అది ప్రమాదమా కాదా వివరించడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు మిగుల్చుకోవడం కోసం ఒక అవయవాన్ని తీసివేసే హక్కు మనకెవరూ ఇవ్వలేదు.